కారు దారికి ఎం-30

గేటు నుంచి షెడ్డు దాకా నలభై అడుగుల దారి. దాని మీద తిరగబోయేది ఒక్క చిన్న కారు.

"ఎం-20 వేస్తే చాలు సార్. మీ మనవల కార్లు కూడా దీని మీదే తిరుగుతాయి," అన్నాడు మేస్త్రీ.

"చాలు, చాలు అనే కదయ్యా కట్టినవన్నీ కూలదోస్తున్నారు మీరు! ఎం-30 వెయ్యి," అన్నాడు ఇంటాయన.

అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు గట్టిదన్నమాట. పాతికేళ్లుగా తాపీ పట్టిన మేస్త్రీ, కారు దారికి ఎం-30 అడిగిన మనిషిని చూడటం ఇదే మొదలు. 'ఏనుగుల్ని తోలుతాడా ఏమిటి?' అని లోలోపలే గొణుక్కున్నాడు.

పోయించే రోజున ఇంటాయన సెలవు పెట్టి మరీ నెత్తిన కూర్చున్నాడు. కింద మట్టిని మూడుసార్లు దిమ్మిసతో కొట్టించాడు. కమ్మీల మధ్య ఎడం టేపుతో కొలిచి, అరంగుళం తేడా వచ్చిందని మొత్తం విప్పించాడు.

"వాళ్లని కాస్త ఊపిరి తీసుకోనివ్వండీ," అంది వాళ్లావిడ కిటికీలోంచి.

"నీకు తెలీదు, నువ్వూరుకో."

పదింటికి రావలసిన కాంక్రీటు లారీ మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఇంటాయన లోపల్నుంచి ఇనప గరాటు లాంటిది తెచ్చాడు. బోర్లించి, అందులో కాంక్రీటు కూరి, మెల్లగా పైకి లాగాడు. నిలబడాల్సిన ముద్ద బురదలా పరుచుకుంది.

"దారిలో నీళ్లు కలిపావు కదూ?"

డ్రైవరు నీళ్లు నమిలాడు. "ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను సార్. గట్టిపడిపోతోందని... రెండు బకెట్లే."

"రెండు బకెట్లే! నీళ్లెక్కువైతే దాని బలం చచ్చినట్టే. ఈ సరుకు నా గుమ్మంలో దించావంటే ఊరుకోను. తిప్పు బండి!"

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. పొద్దుట్నుంచి తిట్టుకున్నందుకు సిగ్గుపడ్డాడు. ఇలాంటివాళ్లు ఊరికి పదిమంది ఉంటే కట్టినవి కట్టినట్టే నిలబడతాయి కదా అనుకున్నాడు. తనకు తెలియకుండానే తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

డ్రైవరు బిక్కమొహం వేశాడు. "వెనక్కి తీసుకెళితే నా ఉద్యోగం ఊడుతుంది సార్. పిల్లలుగలవాణ్ణి."

ఇంటాయన కరిగిపోయాడు. దగ్గరికొచ్చి డ్రైవరు భుజం తట్టాడు.

"ఏడవకయ్యా, ఈ వీధి చివర బడి మేడకి స్లాబు పోస్తున్నారు, తీసుకెళ్లి అక్కడ దింపెయ్... దాన్ని పాస్ చేసే ఇంజినీర్ని నేనే."