కణుపు మీద కూర్చున్న ఉడుత

ఒకే తుమ్మకొమ్మకు రెండు కందిరీగల తుట్టెలు వేలాడుతున్నాయి. ఏటా తొలకరికి ఇరువైపుల పెద్దలూ మధ్య కణుపు మీద కూర్చుని, ఎవరు ఎన్ని గదులు కట్టాలో మాట్లాడుకునేవారు. ముందు ఎవరు కూర్చోవాలన్న తగువుతో మూడేళ్ళుగా ఆ మాటలు ఆగిపోయాయి. వీళ్ళు పది గదులు కడితే వాళ్ళు ఇరవై కట్టారు. గదికొక కొత్త కొండి పుట్టింది. బరువుకి కొమ్మ కిర్రుమంటోంది.

ఆ కొమ్మ తొర్రలోనే ఉడుత పిల్లలున్నాయి. అందుకే తల్లి ఉడుత వెళ్ళి కణుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లే, కుడతాం," అన్నాడు ఇటు పెద్ద.

"కుట్టు బాబాయ్. వాచిపోయి ఇంకా బరువెక్కుతాను. కొమ్మ ఇంకాస్త వంగుతుంది."

"ముందు వాళ్ళని గదులు కూల్చమను," అన్నాడు అటు పెద్ద తుట్టెలోంచే.

"నేను కబుర్లు మొయ్యను మామా. ఇక్కడికొచ్చి నువ్వే చెప్పు."

పొద్దు వాలినా ఉడుత కదల్లేదు. ఉన్నట్టుండి కొమ్మ ఫట్‌మంది. పెద్దలిద్దరూ ఒకేసారి ఎగిరొచ్చి కణుపు మీద వాలారు.

"మాట్లాడుకోవడానికి రాలేదు. నిన్ను లేపడానికి వచ్చాం," అన్నారు ఇద్దరూ.

"ఎందుకొస్తేనేం, ఇద్దరూ ఒక్కసారే కూర్చున్నారుగా," అంటూ ఉడుత కాస్త పక్కకు జరిగింది. "ఊఁ, చెప్పండి. ఈ ఏడు ఎన్ని గదులు తీసేస్తున్నారు?"