ఇరవై నిమిషాల పని

“డిక్కీ ఖాళీ చెయ్యి,” అన్నాడాయన.

మెకానిక్ తలెత్తాడు. పొద్దున డ్రైవరు వదిలిపోయిన బండి వెనకే షెడ్డులోకొచ్చి బెంచీ మీద కూర్చున్న మనిషి. అప్పట్నుంచీ టీ ఇస్తే తాగలేదు, ఫోను తియ్యలేదు. బండినే చూస్తున్నాడు.

ముందద్దం కొత్తది వేశారు. దాని వెనక చిన్న కెమెరా. ఎదురుగా మనిషి కనిపిస్తే అదే బ్రేకు వేయిస్తుంది. అద్దం మార్చిన ప్రతిసారీ దాని చూపు సరిచెయ్యాలి. అందుకు నేల చదునుగా ఉండాలి, బండిలో బరువుండకూడదు, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, ఎదురుగా పెట్టే గళ్ల బోర్డు కొలిచిన చోటే నిలబడాలి. ఇదంతా గోడ మీద పెద్దక్షరాల్లో రాసుంది. గోడ చదువుకోడానికి.

“రెండు సంచులే కద సార్! వాటికేం బరువు?”

“తియ్యి.”

తీశాడు.

“ఈసారి దేన్ని గుద్దారేంటి? బంపరు కూడా పోయింది.”

“టైర్లలో గాలి చూశావా?”

చూశాడు. ఎడమ వైపు ముందు టైరులో తక్కువుంది. గొణుక్కుంటూ కొట్టాడు.

“బోర్డు మీద ఎండ పడుతోంది.”

ఆ గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. మెకానిక్ షట్టరు దించి లైట్లేశాడు.

“బుర్ర తినేస్తున్నారు సార్! మూణ్ణెల్ల కిందట ఈ బండికి అద్దం వేసింది నేనే. డిక్కీలో సిమెంటు బస్తాలున్నా దించలేదు. బోర్డు కంటి అంచనాతో పెట్టేశా. ఇరవై నిమిషాల్లో తాళాలిచ్చి పంపించా. ఒక్క కంప్లయింటు వచ్చిందా?”

ఆయన లేచి వచ్చి టేపు రెండో కొస పట్టుకున్నాడు.

“కొలువు.”

మూడుసార్లు కొలిచారు. మధ్యాహ్నం దాటాక కెమెరా సరిచేసే మిషను మీద పచ్చ లైటు వెలిగింది.

ఆయన వెళ్లి బండి ముందు నిలబడ్డాడు.

“ఇప్పుడు దీనికి మనిషి కనిపిస్తాడా?”

“భేషుగ్గా.”

“ఇంత ఎత్తు మనిషైనా?” అరచెయ్యి నడుం దగ్గర పెట్టి చూపించాడు.

“కనిపిస్తాడు సార్! ఇక ఇక్కడో సంతకం పడేసి బండి తీసుకెళ్లండి, మీకు పుణ్యముంటుంది.”

ఆయన పెన్ను అందుకోలేదు.

“బండి నాది కాదు బాబూ, దీని కింద పడిన పిల్ల నాది.”