పై వాటా గొంతు

కూతురి పరీక్ష చెడగొట్టింది పై వాటా మనిషే.

వడ్రంగి ఈ మాట అడిగినవాళ్లకీ చెప్పాడు, అడగనివాళ్లకీ చెప్పాడు.

ఆమె బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే మనిషి. ఒంటరిది. అద్దెకు దిగిన రోజే ఆమె ఆరేసిన బట్టల నీళ్లు, అతను పాలిష్ పెట్టి ఎండబెట్టిన కుర్చీ మీద కారాయి.

"ఆవిడతో మనకు మాటల్లేవు," అని కూతురికి చెప్పేశాడు.

భార్య పోయాక ఆ ఇంట్లో అతని మాటకు ఎదురు లేదు.

కూతురు ఇంగ్లీషు ఎమ్మే ఎంట్రన్సుకు చదువుతోంది. కిందటేడు తలనొప్పులతో రాయలేకపోయింది. ఇప్పుడు తగ్గిపోయాయంది.

తెల్లారితే చాలు, పై కిటికీలోంచి ఇంగ్లీషు మొదలయ్యేది. పుస్తకం పట్టుకుని గొంతెత్తి చదివేది ఆమె.

కింద కిటికీ దగ్గర కూతురు కళ్లు గట్టిగా మూసుకుని కూర్చునేది. ఉండుండి పెన్నుతో కిటికీ ఊచను టకటక కొట్టేది.

పైన గొంతు ఆగేది. మళ్లీ మొదలయ్యేది, ఇంకాస్త గట్టిగా.

వడ్రంగికి ఇంగ్లీషు రాదు. చదివిందే మళ్లీ చదువుతోందని మాత్రం తెలిసేది.

"పిల్ల ఊచలు కొట్టి మరీ ఆపమంటుంటే మళ్లీ అదే మోతేమిటి? ఎంత మొండి మనిషి!"

"పోనీలే నాన్నా. నాకేం ఇబ్బంది లేదు."

"నీకు నోరు లేదు. అచ్చం మీ అమ్మ పోలికే."

వీధిలోకి వచ్చి పైకి కేకేశాడు.

"ఏమమ్మా, బస్టాండులో అరిచింది చాల్లేదా? ఇక్కడ బస్సెక్కేవాళ్లెవరూ లేరు!"

పక్క వాటాలవాళ్లు పగలబడి నవ్వారు. ఆమె తొంగి చూసింది. కింద కిటికీలో ఉన్న కూతురి వైపు చూసింది. తల లోపలికి తీసుకుంది.

సెలవు రోజున వడ్రంగి ఆ కిటికీకి టేకు రెక్కలు చేసి బిగించాడు. అంచుల వెంట మందపాటి గుడ్డ అతికించాడు. అతని చేతిపనిలో అంత నిక్కచ్చిగా కుదిరింది మరొకటి లేదు.

"గాలాడదు నాన్నా."

"ఫ్యాను వేసుకో."

మర్నాటినుంచి ఆమె ఇంకా గట్టిగా చదివింది. గొంతు చీరుకుపోయేలా చదివింది.

వడ్రంగి ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లాడు.

"ఆవిడైనా ఉండాలి, మేమైనా ఉండాలి."

ఆమెనే ఖాళీ చేయమన్నాడు ఓనరు.

వెళ్లేటప్పుడు ఆమె పెట్టె కింద పెట్టి, కిటికీ రెక్కను వేలితో తట్టి చూసింది. గొంతు బొంగురుగా వచ్చింది.

"బాగా బిగించారన్నయ్యగారూ. గాలి కూడా దూరదు. అమ్మాయిని బెంగపడకుండా రాయమనండి."

"నువ్వు పోతున్నావుగా. రాస్తుందిలే."

కూతురికి సీటు రాలేదు.

పై వాటాలోకి ఎవరో కొత్తవాళ్లు దిగారు. మనుషులున్నట్టే తెలియదు. ఒక ఉదయం కూతురు కిటికీ రెక్కలు తెరుచుకుని కూర్చుంది. పరధ్యానంగా పెన్నుతో ఊచను కొట్టింది.

వడ్రంగి నవ్వాడు.

"ఇంకా ఎవర్ని ఆపమంటున్నావే?"

"నేనెప్పుడూ ఆపమనలేదు. మళ్లీ చదవమని కొట్టేదాన్ని."

అతనికి అర్థం కాలేదు.

"ఆవిడ చదివింది నా పుస్తకాలే నాన్నా. నేనే నాలుగు పేజీలు చదివితే తల పగిలిపోతుంది. నొప్పి తగ్గలేదు. తగ్గలేదంటే నువ్వు చదువు మాన్పించేస్తావు. పరీక్ష ఒక్క పూట ఎలాగో ఓర్చుకుందామనుకున్నాను. నువ్వు పనికెళ్లాక పుస్తకం పైకిచ్చి వచ్చేదాన్ని."

"ఆవిడైనా చెప్పి చావచ్చుగా?"

"నేనే ఒట్టు వేయించుకున్నాను. అన్ని తిట్లు తిని కూడా నిలబెట్టుకుంది."

వడ్రంగి చొక్కా తగిలించుకుని బస్టాండుకు వెళ్లాడు. మైకులో వేరే గొంతు వినపడింది.

"ఆవిడా? ఎప్పుడో మానేసింది," అన్నాడు కౌంటరు గుమాస్తా. "గొంతు పూర్తిగా పోయింది. ఎక్కడ అంతలా అరిచిందో! గొంతు లేని మనిషికి మైకు దగ్గర ఏం పని? ఎటు పోయిందో తెలీదు."

ఇంటికి వచ్చి కిటికీ రెక్కలు ఊడదీశాడు. కూతురు చూస్తూ నిలబడింది. అతను తలెత్తలేదు.

మర్నాడు కార్ఖానాలో తోటి పనివాడు చిత్రిక పడుతూ నవ్వాడు.

"మామా, మీ పై వాటా మైకు సంగతి మళ్లీ ఓసారి చెప్పు. ఇంతకీ ఎవరా పిచ్చిది?"

"మా అమ్మాయికి చదువు చెప్పిన మనిషి," అన్నాడు వడ్రంగి. "ఇంకెప్పుడూ నా ముందు ఆ మాట ఎత్తకు."