బొటనవేలి జనం

"ఈ గదిని చంపింది మీరు! వాకిట్లో కాఫీ బల్లలు వేయించింది మీరు. ఫొటోలు దిగడానికి రంగుల గోడ కట్టించింది మీరు. ఇటువైపు దారి చూపే బోర్డు పీకించింది మీరు. ఇప్పుడు జనం రావట్లేదు, తాళం వేస్తామంటున్నదీ మీరే!"

మ్యూజియం కాపలాదారు అంతలా విరుచుకుపడినా కొత్త డైరెక్టరమ్మ ఫోన్లోంచి తలెత్తలేదు.

"అరవకు బాబాయ్. మ్యూజియమంటే ఇప్పుడు బొమ్మల గోదాం కాదు. జనం తిరగాలి, తినాలి, పార్టీలు చేసుకోవాలి. నీ గదికి రోజుకు ముగ్గురు. ఈ నెల్లో అది రోజుకు మూడొందలు దాటితే ఉంచుతా. లేదంటే విందులకు అద్దెకిచ్చేస్తా."

ఆ గదిలో గోడకు వేలాడుతున్నది ఒక్కటే రంగుల బొమ్మ. గోడ పొడవునా తల మీద ఇటుకలు మోస్తున్న ఆడవాళ్లు. మిగతా గదుల నిండా రాజులు, దొరసానులు, వాళ్ల కుక్కలు. చెమట పట్టిన మనిషి ఆ భవనం మొత్తంలో ఈ గోడ మీదే ఉంది.

కాపలాదారు చేతిలో లెక్క మీట ఉంటుంది. ఒక మనిషి గడప దాటితే ఒక నొక్కు. సాయంత్రం ఆ అంకె ఆఫీసులో చెప్పాలి.

మర్నాడు ముగ్గురే వచ్చారు. అందులో ఒకాయన బాత్‌రూమ్ ఎక్కడని అడిగి వెళ్లిపోయాడు. కాపలాదారు కుర్చీలో కూర్చుని నొక్కడం మొదలుపెట్టాడు. టిక్కు. టిక్కు. ఎదురుగా ఖాళీ గది. సిగ్గూ లేదు, భయమూ లేదు. వేలు మాత్రం కదులుతోంది.

నేల తుడిచే ఆమె చూసింది. "ఏంటన్నా, దయ్యాల్ని లెక్కపెడుతున్నావా?"

"నోర్మూసుకుని తుడువమ్మా."

"అయితే నన్నూ వేసుకో. పొద్దుట్నించి పాతికసార్లు గడప దాటా. ఆ బొమ్మలో మూడోది అచ్చం మా అత్తే. మూతి కూడా అలాగే తిప్పుతుంది."

"నీకు యాభై వేశాలే, పో."

నెల తిరిగేసరికి అంకె రోజుకు నాలుగొందలయింది. డైరెక్టరమ్మ స్వయంగా వచ్చింది.

"శభాష్ బాబాయ్! గదిని అద్దెకివ్వను. మాటంటే మాటే."

తుడిచే ఆమె చప్పట్లు కొట్టింది. కాపలాదారు తలూపాడంతే. బొటనవేలు ఎప్పుడో మొద్దుబారింది. లోపలా అంతే.

అంతలో నలుగురు మనుషులు పొడవాటి చెక్కపెట్టె మోసుకొచ్చి బొమ్మ కింద దించారు.

"ఇదేంటి మేడమ్?"

"ఏంటంటావేం? రోజుకు నాలుగొందల మంది ఊపిరి తగిలితే ఆ పాత రంగులు నిలుస్తాయా? నీ లెక్క చూసి నిపుణులు హడలిపోయారు. బొమ్మ నేలమాళిగలో భద్రంగా ఉంటుంది. ఇక్కడ దాని ఫొటో పెట్టిస్తా. నీ జనం అదే చూస్తారు."

"జనం లేరు మేడమ్," అన్నాడు కాపలాదారు. "ఎవరూ రాలేదు. అంతా నేనే నొక్కాను."

డైరెక్టరమ్మ పెట్టె మూత తెరిచింది.

"అయితే ఫొటో కూడా అక్కర్లేదు. రా బాబాయ్, ఆ చివర నువ్వు పట్టు. సాయంత్రం నుంచే ఈ గదిలో విందులు, బొమ్మ ఇప్పుడే దించాలి."