ఒక్కటే కాపీ

క్యాసెట్‌లో నర్సవ్వ పాట లేదు. పాట ఉండాల్సిన చోట ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు ఉంది.

ప్రిస్కిల్లా హెడ్‌ఫోన్స్ తీసి టేబుల్ మీద పడేసింది. వెంటనే మళ్లీ పెట్టుకుంది. ఫ్యాన్ తిరుగుతున్న రొద. దాని కింద బరువైన ఊపిరి. మధ్యలో ఒకసారి ముక్కు ఎగబీల్చిన శబ్దం. అంతే, చివరిదాకా.

"శేఖర్, ఇటు రా. ఇది విను."

సహాయకుడు శేఖర్ విన్నాడు. హెడ్‌ఫోన్స్ సగంలోనే తీసేశాడు.

"అక్కా, చచ్చిపోయిన నర్సవ్వ ఊపిరి తీస్తున్నదా ఏంది?"

"నోర్ముయ్."

నిజామాబాద్‌లోని ఆ చిన్న గ్రంథాలయంలో పాత పాటల క్యాసెట్లకు ఒక గది ఉంది. ప్రిస్కిల్లా దానికి ఇన్‌ఛార్జి. బోధన్ చుట్టుపక్కల చెరుకు నరికే ఆడవాళ్ల పాటలను ఎప్పుడో ఒక చర్చి టీచరు ఊరూరా తిరిగి రికార్డు చేశాడు. ఆయన పోయాడు. పాడినవాళ్లూ పోయారు. వాటన్నిటిలోకి నర్సవ్వ పాటంత గొప్పది మరొకటి లేదు. దానికి ఉన్నది ఒక్కటే కాపీ.

ఆ ఒక్కటే ఉండటానికి కారణం ప్రిస్కిల్లానే. హక్కుదారుల అనుమతి లేకుండా కాపీ తీస్తే కేసవుతుందని ఇన్నాళ్లూ భయపడింది. ఈమధ్య హైదరాబాద్ ట్రైనింగుకు వెళ్తే గాని అసలు సంగతి తెలియలేదు. ఇంటర్నెట్‌లో పెట్టాలంటేనే అనుమతి కావాలి. తన దగ్గరున్నది పాడైపోకుండా గ్రంథాలయం కంప్యూటర్లో దాచుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఈరోజు ఆ పని మొదలుపెడదామని క్యాసెట్ తీసింది. తీసేసరికి ఇది.

క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పింది. పైఅంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేస్తే, దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. అన్ని క్యాసెట్లకూ తనే విరిచింది. ఇప్పుడు ఆ గుంటలో, మళ్లీ రికార్డు అయ్యేలా ఏదో కూరి ఉంది. గోటితో పైకి లాగింది. గోధుమరంగు ఆకు ముక్క, గట్టిగా మడిచింది.

"తునికాకు," అన్నాడు శేఖర్. "మా అవ్వ బీడీలు చేస్తది గద అక్కా. గింత సాఫ్‌గ మడత కొట్టేది బీడీ చేతులే."

ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. పేతురు తాత.

బోధన్ అవతల ఏదో ఊరు ఆయనది. షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక బీడీలు చుట్టుకుని బతుకుతున్నాడు. ఈ పాటల గురించి పేపర్లో పడిందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. ఆ తర్వాత వారం వారం బస్సెక్కి వచ్చి నర్సవ్వ పాటే అడిగేవాడు. సౌండు పూర్తిగా పెంచి, హెడ్‌ఫోన్స్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకునేవాడు. ఒక్కసారి కూడా తల ఊపలేదు, తాళం వేయలేదు. పాట సగానికి వచ్చేసరికి కళ్లవెంట నీళ్లు కారిపోయేవి.

"ఆ దినం మైకు వట్టుకున్నది నేనే బిడ్డా," అన్నాడు మొదటిరోజు. "మా ఇంటి ముంగటనే పాడింది."

ఇంకేం అడగాలి? భార్య గొంతు కోసం అంతగా ఏడ్చే మగాణ్ణి ప్రిస్కిల్లా ఎన్నడూ చూడలేదు. పాట హక్కుదారు ఎవరని అడిగినవాళ్లకు పేతురు పేరే చెప్పేది. కాపీకి మాత్రం ఆయన ఎప్పుడూ సరే అనలేదు.

పోయిన వారం ఆయనకు ఈ కబురు చెప్పింది కూడా తనే.

"పాటను కంప్యూటర్లకు ఎక్కిస్తున్నం తాతా. ఇగ ఎన్నటికీ పోదు."

"నేను వద్దంటే?"

"ఇంటర్నెట్‌ల పెట్టం. కానీ దాచుకునుడుకు నీ అనుమతి అక్కర్లేదు. చట్టమే అట్లుంది."

శేఖర్ మధ్యలో అందుకున్నాడు. "మిషన్లు మస్తుగొచ్చినయ్ తాతా. పాట పాటకే, చప్పట్లు చప్పట్లకే ఇడదీస్తయ్. ఎనుకెక్కడనో మేకపిల్ల ఒర్రుతున్నట్టుంటది సూడు, గా ఒర్రుడు సుత అలగ్ తీసి ఇనవెడ్తయ్."

తాత క్యాసెట్‌ను చేతిలోకి తీసుకున్నాడు.

"ఇయ్యాల ఒక్కసారి పాట ఇంట బిడ్డా," అన్నాడు.

టేపురికార్డరు ఆయన ముందు పెట్టి ఇద్దరూ టీకి వెళ్లారు. ఆ పాత డబ్బాకు మైకు లోపలే ఉంటుంది. పాట చెరిగిపోతున్నంతసేపూ దాని ముందు కూర్చున్న మనిషి ఊపిరి అందులోకి ఎక్కుతూనే ఉంది.

ఈరోజు మధ్యాహ్నానికి ప్రిస్కిల్లా, శేఖర్ తాత ఊళ్లో బస్సు దిగారు. ఇంటి ముందు ఎవరూ లేరు. వెనుక, బండలతో మూసేసిన పాత బావి. దాని గట్టుకు ఆనుకుని, చాట ఒళ్లో పెట్టుకుని పేతురు తాత బీడీలు చుడుతున్నాడు. వాళ్లను చూసి ఉలిక్కిపడలేదు.

ప్రిస్కిల్లా ఆకు మడతను చాటలో పడేసింది.

"నేనే తుడిపేసిన," అన్నాడు తాత. "పోలీసోళ్లను తోల్కొచ్చినవా?"

"లేదు." దారి పొడవునా కోపంతో ఉడికిపోయింది. ఆ ముఖం చూశాక కోపం నిలవలేదు. "ఎందుకు తాతా? పాట నీ ఒక్కనికే ఉండాలనుకున్నవా? పదిమంది వింటే నర్సవ్వ నీకు దూరమైతదా? నీ భార్య గొంతు అది. ఇప్పుడు నీకు సుత లేకపాయె."

తాత చెయ్యి ఆగింది. లోపల ఎవరో పడుకుని ఉన్నట్టు, బావి మీది బండను అరచేత్తో మెల్లగా నిమిరాడు.

"నర్సవ్వ నాకేం గాదు బిడ్డా... గా మేకపిల్ల ఒర్రినట్టు ఇనవడ్డది, ఈ బాయిల వడి 'నన్ను తియ్యుండ్రి' అని మొత్తుకున్న నా పెండ్లాం మేరీ. పొద్దుగాల కొట్లాడినం గద, జరసేపు ఒర్రనీ అనుకొని, మైకు వట్టుకొని కూసున్న."