తర్జుమా

"చెప్పవేందే, నోరు పడిపోయిందా?" అని సారమ్మను కసిరాడు పట్వారీ.

నిజాం రాజ్యం పోయి ఆరు నెలలైంది. దొర మాత్రం చావడిలో కుర్చీ మీదే ఉన్నాడు. భూముల విచారణకు వచ్చిన తహసీల్దారుకు ఉర్దూ తప్ప మరో భాష రాదు. ఊరివాళ్ల మాటలు పట్వారీయే తర్జుమా చేసి చెబుతున్నాడు. చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. నలుగురిలో నోరు విప్పాలంటే సారమ్మకు చిన్నప్పటి నుంచీ ప్రాణం పోయినంత పనవుతుంది.

"మా రెండెకరాల చెల్క..." ఆమె గొంతు ఆమెకే వినిపించలేదు. "దొర గుంజుకున్నడు. అడ్డం పోతే నా మొగన్ని కొట్టిచ్చిండు."

దొర మనుషులు పకపకా నవ్వారు. "జర గట్టిగ! పిల్లికూనవా?"

పట్వారీ తహసీల్దారు వైపు తిరిగి వినయంగా అన్నాడు. "ఖుషీసే దియా బోల్తీ హై, సాబ్."

సంతోషంగా ఇచ్చానని చెబుతోందట! మిర్యాలగూడలో ఉర్దూ మాట్లాడే ఒక డాక్టరింట్లో నాలుగేళ్లు అంట్లు తోమిన సారమ్మకు ఆ మాట సూటిగా తగిలింది. తహసీల్దారు రాసుకుంటున్నాడు. తాను మాట్లాడకపోతే తన మాట కూడా వీళ్లే మాట్లాడతారని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఝూట్!" అని అరిచింది. "ఖుషీసే నై, సాబ్! జబర్దస్తీ లియే! మేరే మరద్‌కు మారే!"

అబద్ధమని, బలవంతంగా గుంజుకున్నారని, మొగుణ్ణి కొట్టారని ఆమె ఉర్దూలోనే చెప్పేసరికి నవ్వులు ఆగిపోయాయి. దొర లేచాడు. "నోర్ముయ్! ఈ ఊర్ల ఉండాల్నని లేదా?"

"ఉంట. నా చెల్కల్నే ఉంట."

తహసీల్దారు రాసింది కొట్టేసి కొత్త కాగితం తీశాడు. "నామ్ క్యా?"

పట్వారీ నోరు తెరవబోయాడు. సారమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నా పేరు నేనే చెప్పుకుంట."