మునగపాక ఆటోలో ఫోను

“మోగుతోంది కదండీ! మరింక కంప్లయింటేటి?”

ధనరాజ్ తన సెల్ నుంచి రింగిచ్చి, కౌంటరు మీద గుర్రుమంటూ మోగుతున్న లూర్దు మేరీ ఫోనుని చూపించాడు. అనకాపల్లి మెయిన్‌రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆ కొట్టుకి ఆవిడ రావడం ఈ వారంలో ఇది రెండోసారి.

“నువ్వు చేస్తే మోగుతోంది బాబూ. ఆయన ఫోనే రావటం లేదు.”

“ఎవరండీ?”

“మా ఆయన. రోనాల్డ్. పారాదీప్ పోర్టులో పని. సాయంత్రం నేను బళ్ళో లెక్కలు ముగించి ఆటో ఎక్కేసరికి ఠంచనుగా ఫోను వచ్చేది. నువ్వు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన కాణ్ణించి ఒక్కటి లేదు.”

ధనరాజ్ తల గోక్కున్నాడు. ఫోను మాటిమాటికీ ఆగిపోతోందంటే కంపెనీ పంపిన కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఇప్పుడు ఆగడం లేదు, బొమ్మలు తళతళలాడుతున్నాయి. బాగుచేసి తిట్లు తినడం ఆ వృత్తిలో మామూలే. కాని ఎవరి మొగుడో ఫోను చెయ్యకపోవడం కూడా తన నెత్తికి చుట్టుకోవడం అతనికి ఇదే మొదలు.

“ఆయన నంబరు సెప్పండి. నేనే చేసి కనుక్కుంటాను.”

“వద్దు!” ఆవిడ ఫోను లాక్కున్నంత పని చేసింది. “డ్యూటీలో ఉంటారు. విసుక్కుంటారు.”

“పోనీ, కొత్తదాంట్లో ఏటి నచ్చలేదో సెప్పండి. పాతదాంట్లోవి కొన్ని కంపెనీవోళ్ళు పీకేసేరు, నిజమే. ఓ పాము ఆట, రాశిఫలాలు, మీటింగులోంచి తప్పించుకోడానికి మీట నొక్కితే ఫోనొచ్చినట్టు ఉత్తినే మోగే రింగు... అన్నీ చిల్లర సామానే. మీకవన్నీ ఎందుకండీ?”

“ఈ వయసులో నాకు ఆటలెందుకు? నా ఫోను ఎలాగుండేదో అలాగ కావాలి, అంతే. అసలు మార్చమని వాళ్ళనెవరడిగేరు? వాడుకునేవాళ్ళని ఒక్క మాట అడగక్కర్లేదా?”

ధనరాజ్ ఫోను అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఒక ఫోను కోసం ఇంత యాగీ ఏమిటని అతను అనుకున్నాడంటే అతని తప్పు లేదు. ఆవిడ ఇంటికెళ్ళే మునగపాక ఆటో అతనెప్పుడూ ఎక్కలేదు. అందులో రోజూ ఎక్కేవాళ్ళే ఎక్కుతారు, ఒకరి ఒళ్ళో ఒకరన్నట్టు ఇరుక్కుని కూర్చుంటారు, ఎదుటివాళ్ళ సంసారంలోకి కూడా అలాగే దూరతారు. ఒకప్పుడు లూర్దు మేరీ ఎక్కితే చాలు, “మీ ఆయన క్రిస్మస్‌కైనా రాడేటి? అక్కడింకో కాపరం గానీ ఎట్టేడా?” అని ఒకటే ఆరా. ఈ ఫోను కొని, రోనాల్డ్ ఫోన్లు మొదలయ్యాక ఆ నోళ్ళు మూతపడ్డాయి. కూరగాయలమ్మే అప్పలనర్సమ్మయితే, మొగుడంటే అలాగుండాలని ఆటో అంతటికీ చెప్పేది.

ఇప్పుడు వారంగా ఫోను లేదు. మొదట్లో, “అలిగేడేటి?” అని నవ్వారు. నిన్న అప్పలనర్సమ్మ నవ్వనూ లేదు, అడగనూ లేదు. గంపలోంచి ఒక జామకాయ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆ జామకాయని లూర్దు మేరీ కొరక్కుండానే సంచిలో పడేసుకుంది. ఇంట్లో ఎలాగూ పలకరించే మనిషి లేడు. రోజు మొత్తంలో ఆవిడ మనసారా మాట్లాడేది ఆ ఆటోలో, ఆ ఫోనులోనే. అది కూడా పోతే ఎలా బతకాలో ఆవిడకి తెలియలేదు.

“పాతదే ఎక్కించు బాబూ.”

“ఎనక్కి మారిత్తే ఫోను సచ్చిపోయినా పోవచ్చండి. తరవాత నన్నంటే లాభం లేదు.”

“పోతే పోనీ. ఆయన పలకరింపు లేని ఫోను ఉంటే ఎంత, పోతే ఎంత?”

ధనరాజ్ వెనక మూత తీసి, సిమ్ బయటికి లాగి, ఫోనుని కంప్యూటరుకి తగిలించాడు. తెర నల్లబడింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. లూర్దు మేరీ సంచిలో ఉన్న జపమాలని పట్టుకుని కళ్ళు మూసుకుంది.

“బతికిందండి!”

ఆవిడ ఫోను అందుకుని, అటు తిరిగి ఏదో చూసుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి మొహం విప్పారింది.

“ఉండండి, సిమ్ ఏసిత్తాను,” అన్నాడు ధనరాజ్. ఇంతలో బయట ఆటో హారన్ మోగింది.

“నేనేసుకుంటాలే బాబూ.”

అతను సిమ్‌ని కాగితం ముక్కలో పొట్లం కట్టి ఇచ్చాడు. ఆవిడ దాన్ని పర్సులో పడేసి, పరుగున వెళ్ళి ఆటో ఎక్కింది.

“ఇటు సర్దుకో మేరమ్మా,” అంది అప్పలనర్సమ్మ, గంప ఒళ్ళోకి లాక్కుంటూ.

ఆటో బెల్లం మార్కెట్టు దాటింది. లూర్దు మేరీ సంచిలో చెయ్యి పెట్టి రుమాలు వెతుక్కుంటూ ఉండగా ఫోను మోగింది. ఆటోలో మాటలన్నీ టక్కున ఆగిపోయాయి.

“ఏవండీ! ఆ, ఎక్కేను... ఫోను పాడైపోయిందండీ. రోజూ చేసేరా? అయ్యో, దొరకలేదా? నేనూ అదే అనుకున్నాను... తిన్నారా? ఆ దగ్గు తగ్గిందా?”

అప్పలనర్సమ్మ మొహం చాటంతయింది. ఫోను దగ్గరికి వంగి, “బాబూ! వారం రోజులై మీ ఆవిడ మొగం సూడలేకపోయేం. ఓపాలి వచ్చెల్లండి!” అని కేకేసింది.

“విన్నారా? మా అప్పలనర్సమ్మ పిన్నే...” అని ఫోనులో చెప్పి, ఆవిడ వైపు తిరిగి, “నవ్వుతున్నారు పిన్నీ, వస్తారట!” అంది లూర్దు మేరీ.

ఆటో అంతా నవ్వింది. లూర్దు మేరీ ఫోనుని చెవికి ఇంకాస్త అదుముకుని, “మరి రేపు కూడా చేస్తారుగా?” అంది.

సిమ్ ఇంకా పర్సులో, కాగితం పొట్లంలోనే ఉంది.